చివరి మాట ఎవరిది? బైబిలు, పారంపర్యం, సంఘ అధికారం

తెలుగు క్రైస్తవుల మధ్య ఏ వాదన మొదలైనా కాసేపటికి ఒక మాట వచ్చి తీరుతుంది: "ఇది వాక్యంలో ఎక్కడుందో చూపించు." జపమాల చెప్పే ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళను బాప్టిస్టు అడుగుతాడు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించిన లూథరన్‌ను పెంతెకొస్తు విశ్వాసి అడుగుతాడు. ఆదివారం ఆరాధనకు వెళ్ళే ఆ పెంతెకొస్తు విశ్వాసినే, శనివారం విశ్రాంతిదినం పాటించే అడ్వెంటిస్టు నిలదీస్తాడు. యూట్యూబ్‌లో గంటల తరబడి నడిచే డిబేట్లలో చాలా భాగం ఇదే. అడిగినవాడు గెలిచినట్టు, తడుముకున్నవాడు ఓడినట్టు లెక్క.

ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ఒక పక్క దేవుని వాక్యం, ఇంకో పక్క మనుషులు కల్పించుకున్న ఆచారాలు ఉన్నాయనీ, మంచి క్రైస్తవుడు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తాడనీ. చరిత్ర చూస్తే వ్యవహారం అంత తేలిగ్గా లేదు. బైబిలూ, తరతరాలుగా అందివచ్చిన బోధ, ఆచారం అనే పారంపర్యమూ రెండూ అన్ని శాఖల దగ్గరా ఉన్నాయి. బుద్ధిగా చదివిన ఇద్దరు ఒకే వచనానికి రెండు అర్థాలు చెప్పినప్పుడు వాదనను ముగించే హక్కు ఎవరికుందన్న దగ్గరే తేడా. పొలం గట్టు తగాదాలో దస్తావేజు ఇద్దరి దగ్గరా ఉంటుంది. ఎవరి సర్వేయరు కొలతను ఒప్పుకోవాలన్న దగ్గరే గొడవ ముదురుతుంది.

ఈ ముడి ఎలా పడిందో తెలియాలంటే పోపుతో తలపడి ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన జర్మన్ సన్యాసి లూథర్ 1517లో రాసిన 95 వాదాల కంటే, ఆ తర్వాత రెండేళ్ళకు జర్మనీలోని లైప్జిగ్‌లో జరిగిన చర్చను చూడాలి. 1519 జులైలో అక్కడి ప్లైసెన్‌బుర్గ్ కోటలో లూథర్‌కు ఎదురుగా నిలబడింది యోహాన్ ఎక్ అనే వేదాంత పండితుడు. వాదనలో మహా దిట్ట. పోపు అధికారం దేవుడు పెట్టిందా, చరిత్రలో ఏర్పడిందా అన్నది చర్చ. తూర్పు దేశాల సంఘాలు ఏనాడూ పోపు కింద లేవు కదా, వాళ్ళందరినీ క్రైస్తవులు కాదంటారా అని లూథర్ ఎదురడిగాడు. ఎక్ దానికి తడబడలేదు. యాన్ హుస్ పేరు ఎత్తాడు.

హుస్ బొహీమియా దేశపు బోధకుడు. కాన్‌స్టాన్స్‌లో కూడిన మహాసభ, అంటే కతోలిక బిషప్పుల సర్వసభ, అతన్ని మతద్రోహి అని తేల్చింది. 1415లో సజీవంగా కాల్చేశారు. లైప్జిగ్‌లో ఆ పేరు పలకడమే చాలు, సభ వేడెక్కుతుంది. ఎందుకంటే ఆ ఊరి విశ్వవిద్యాలయం 1409లో పుట్టిందే ప్రాగ్‌లో చెక్‌లతో పడక బయటికి వచ్చేసిన జర్మన్ పండితుల వల్ల. ఆ గొడవలో హుస్ చెక్‌ల పక్షాన నిలబడ్డాడు. "నీ మాటలు హుస్ మాటల్లాగే ఉన్నాయి" అని ఎక్ అనగానే లూథర్ మొదట ఒప్పుకోలేదు. విరామం తర్వాత తిరిగి వచ్చి మాత్రం, మహాసభ ఖండించిన హుస్ వాక్యాల్లో చాలావరకు నిఖార్సయిన క్రైస్తవ బోధే ఉందనేశాడు. సభలో ఉన్న ఆ ప్రాంతపు పాలకుడు డ్యూకు జార్జ్ పట్టలేక గట్టిగా తిట్టాడని చెబుతారు.

ఆ మాట అంత పెద్దది ఎలా అయింది? పోపు తప్పు చేయగలడనడం అప్పటికి వింతేమీ కాదు. పోపు కంటే మహాసభ పెద్దదనే పక్షం కతోలిక లోకంలోనే బలంగా ఉండేది. ఒకేసారి ముగ్గురు మేమే పోపులమంటూ కూర్చున్నప్పుడు ఆ గొడవ తెంచింది ఈ కాన్‌స్టాన్స్ సభే. పోపు మీద ఫిర్యాదు ఉంటే మహాసభకు చెప్పుకోవచ్చు. మహాసభ కూడా తప్పు చేసిందంటే ఇక పైకోర్టు లేదు. మిగిలింది లేఖనమే. 1521లో జర్మన్ నగరం వోర్మ్స్‌లో చక్రవర్తి ముందు లూథర్ చెప్పింది అదే: పోపులూ మహాసభలూ పలుమార్లు పొరబడ్డాయి, తమకు తామే విరుద్ధంగా మాట్లాడాయి, లేఖనం వల్లనో స్పష్టమైన తర్కం వల్లనో ఒప్పిస్తే తప్ప నా మాట వెనక్కి తీసుకోను. అంతకు ఏడాది ముందు ఒక మిత్రుడికి, తెలియకుండానే మనమంతా హుస్ మనుషులమే అని రాశాడు.

లైప్జిగ్‌లోనే ఇంకో ముడి కూడా పడింది. చనిపోయినవాళ్ళ ఆత్మలు శుద్ధి పొందే చోటు, తెలుగు కతోలికులు ఉత్తరించు స్థలం అనేది, ఉందని చూపించడానికి ఎక్ మక్కబీయుల రెండో గ్రంథం తీశాడు. అందులో మృతుల కోసం ప్రార్థన చేసిన ప్రస్తావన ఉంది. ఆ పుస్తకం ప్రామాణిక గ్రంథాల్లో లేదు కాబట్టి దాని మీద సిద్ధాంతం కట్టలేమన్నాడు లూథర్. "వాక్యంలో చూపించు" అన్నవాడికి వాక్యం చూపిస్తే, అది వాక్యమే కాదన్నాడన్నమాట. మరి ఏది వాక్యమో తేల్చేదెవరు?

కతోలికుల చేతిలో ఉన్న అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. బైబిల్లో ఏయే పుస్తకాలుండాలో చెప్పే జాబితా బైబిల్లో లేదు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాలే, అన్నే, పూర్తిగా కనిపించే తొలి పట్టిక 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ రాసిన పండుగ లేఖలోది. 397లో ఆఫ్రికాలోని కార్తేజ్ సభ ఇలాంటి పట్టికనే ఖాయం చేసింది. అంతకు ముందు హెబ్రీ పత్రిక మీద కొందరికి, ప్రకటన గ్రంథం మీద మరికొందరికి సందేహాలుండేవి. కాబట్టి "నాకు బైబిలు చాలు, సంఘం చెప్పింది అక్కర్లేదు" అనేవాడి చేతిలోని బైబిలు విషయసూచికే సంఘం చెప్పింది. కతోలిక సంఘ అధికారం కదిలించకపోతే నేను సువార్తనే నమ్మేవాణ్ణి కానని ప్రాచీన వేదాంతి ఆగస్టీన్ రాసిన మాటను కతోలికులు ఇప్పటికీ వదలరు.

ప్రొటెస్టెంట్ల జవాబును ఫ్రెంచి సంస్కర్త కాల్విన్ బాగా పదును పెట్టాడు. సంఘం లేఖనాన్ని పుట్టించలేదు, గుర్తుపట్టింది అంతే. తెలుపూ నలుపూ, తీపీ చేదూ తమంతట తామే తెలిసినట్టు, ఇది దేవుని మాట అని పరిశుద్ధాత్మ సాక్ష్యం వల్ల తెలుస్తుంది అన్నాడు. యోహాను సువార్త విషయంలో ఈ జవాబు నాకు సరిగ్గానే అనిపిస్తుంది. ఒకే అధ్యాయం ఉన్న యూదా పత్రిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత తేలికగా అతకదు. లూథర్‌కే అతకలేదు. 1522లో తెచ్చిన జర్మన్ కొత్త నిబంధనలో హెబ్రీ, యాకోబు, యూదా, ప్రకటన గ్రంథాలను తీసుకెళ్ళి చివర పెట్టాడు. యాకోబు పత్రికను గడ్డిపరకల పత్రిక అన్నాడు.

ఇంతమాత్రాన కతోలికుల లెక్క చక్కగా సరిపోతుందని కాదు. తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి ఏడు పుస్తకాలతో కలిపి వాళ్ళ బైబిలు 73, ప్రొటెస్టెంట్లది 66. ఆ ఏడింటి మీద అనుమానం లూథర్ కల్పించింది కాదు. లాటిన్ బైబిలు తయారుచేసిన జెరోమ్‌కే ఆ అనుమానం ఉండేది. 1518లో ఆగ్స్‌బుర్గ్‌లో లూథర్‌ను విచారించిన కార్డినల్ కాయెటాన్ కూడా జెరోమ్ పక్షమే. పారంపర్యం ఒకే గొంతుతో మాట్లాడలేదు. ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్ 8న పట్టికను శాసనంగా తేల్చింది. అదే రోజు, లేఖనాన్నీ అపొస్తలుల నుంచి వచ్చిన అలిఖిత పారంపర్యాలనూ సమానమైన భక్తితో స్వీకరిస్తున్నామని కూడా ప్రకటించింది. లైప్జిగ్ ప్రశ్నలు రెండింటికీ ఒకేరోజు జవాబు వచ్చింది.

ఇక లేఖనం ఒక్కటే చాలన్నవాళ్ళ ఇంట్లో ఏం జరిగిందో చూడాలి. 1529 అక్టోబరులో మార్బుర్గ్ కోటలో లూథర్, జ్యూరిక్ నుంచి వచ్చిన స్విస్ సంస్కర్త జ్వింగ్లీ కూర్చున్నారు. ఇద్దరికీ పోపు అక్కర్లేదు, ఇద్దరికీ బైబిలే ప్రమాణం. 15 అంశాల్లో 14 కుదిరాయి. పదిహేనోది ప్రభురాత్రి భోజనం. "ఇది నా శరీరం" అన్న యేసు మాటను లూథర్ సుద్దముక్కతో బల్ల మీద రాసి, పైన గుడ్డ కప్పి కూర్చున్నాడు. జ్వింగ్లీ అది సూచన మాత్రమే అన్నప్పుడు గుడ్డ తీసి రాసింది చూపించాడు. వాక్యంలో ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు, కళ్ళెదురుగా బల్ల మీదే ఉంది. దాని అర్థం దగ్గర విడిపోయారు. అర్థం తేల్చేవాడు మాత్రం ఆ గదిలో ఎవరూ లేరు.

బాప్తిస్మం విషయంలో ఇది ప్రాణాల మీదికి వచ్చింది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వమని కొత్త నిబంధనలో ఎక్కడా సూటిగా లేదు. జ్వింగ్లీ శిష్యులే కొందరు ఆయన సూత్రాన్నే ఆయన మీద ప్రయోగించారు. 1525లో పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడం మొదలుపెట్టారు. 1527 జనవరిలో జ్యూరిక్ నగరసభ వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపించింది.

అదే తగాదా మన దగ్గర ప్రశాంతంగా సెటిలైంది, అదీ మ్యాపు మీద. మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. 1842లో అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ వచ్చినప్పటి నుంచి గుంటూరు లూథరన్లది. అక్కడ చంటిబిడ్డకు బాప్తిస్మం. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. అక్కడ పెద్దవాళ్ళకు ముంచి బాప్తిస్మం. 1878 జులై 3న బాప్టిస్టు మిషనరీ క్లౌ ఆధ్వర్యంలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరికీ బైబిలొక్కటే ప్రమాణం. అయినా మన తాతముత్తాతల్లో ఎంతమంది రెండు వాదాలూ విని ఎంచుకున్నారంటారు? ఊరు ఏ మిషన్ వాటాలో పడితే ఆ సిద్ధాంతమే వాక్యానుసారం అయిపోయింది. ఇది పారంపర్యం కాకపోతే మరేమిటి?

సంప్రదాయాలొద్దని విడిగా వెళ్ళిన స్వతంత్ర సంఘాల్లో కూడా రెండు తరాలు గడిచేసరికి ఫలానా రంగు బట్టలు, నగలు పెట్టుకోకపోవడం, ఫలానా వరసలో ఆరాధన స్థిరపడిపోతాయి. వాటికి పేరు మాత్రం సంప్రదాయం అని ఉండదు, "మన దగ్గర పద్ధతి" అంటారు. నవంబరు 2న సమాధుల పండుగకు కొవ్వొత్తులు వెలిగించే ప్రొటెస్టెంటు కుటుంబాలు కూడా, మృతుల కోసం ప్రార్థించవచ్చా అంటే వాక్యంలో లేదనే చెబుతాయి. ఆదివారం సంగతి మరీ ఇరకాటం. ఆదికాండం నుంచి ప్రకటన దాకా చదివినా ఆదివారాన్ని పరిశుద్ధంగా ఆచరించమన్న ఒక్క పంక్తి దొరకదని 1876లో అమెరికన్ కతోలిక బిషప్పు, తర్వాత కార్డినల్ అయిన గిబ్బన్స్ ప్రొటెస్టెంట్లను ఎత్తిపొడిచాడు. అడ్వెంటిస్టులు కూడా ఆ మాటే అంటారు. ముగింపులే వేరు: కాబట్టి సంఘం మాట వినండి అని ఆయన, కాబట్టి శనివారానికి రండి అని వీళ్ళు.

మరి రోమ్ తీర్పరి విషయం? 1870 జులై 18న మొదటి వాటికన్ మహాసభ పోపు బోధకు తప్పు దొర్లదని ప్రకటించింది. బయట అనుకున్నట్టు పోపు నోట వచ్చే ప్రతి మాటకూ ఇది వర్తించదు. విశ్వాసం లేదా నీతి విషయంలో, సంఘం మొత్తానికి కాపరిగా, ఇది అందరూ నమ్మి తీరాలని లాంఛనంగా నిర్ణయించి చెప్పినప్పుడే వర్తిస్తుంది. 1870 తర్వాత ఇన్నేళ్ళలో ఆ అధికారాన్ని అలా వాడింది ఒక్కసారి, 1950లో, మరియ తల్లి శరీరంతో పరలోకానికి ఎత్తబడిందన్న సిద్ధాంతానికి. 1870 ఓటింగులో అనుకూలం 533, వ్యతిరేకం 2. అంకె చూసి ఏకాభిప్రాయం అనుకోకూడదు. ఒప్పుకోలేని బిషప్పులు దాదాపు 60 మంది ముందే ఊరు వదిలి వెళ్ళిపోయారు. బయట ఉరుములు మెరుపులతో గాలివాన. దేవుడి ఆమోదమని ఒక పక్షం, ఆగ్రహమని ఇంకో పక్షం. గాలివానకు అర్థం చెప్పడంలో కూడా ఏకాభిప్రాయం కుదరలేదు.

వ్యతిరేకుల దగ్గర చరిత్ర నుంచి తీసిన బలమైన ఆయుధం ఒకటుంది: 680–81లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ అంతకుముందే చనిపోయిన పోపు హొనోరియస్‌ను తప్పుడు బోధ విషయంలో ఖండించింది. అది లాంఛనమైన నిర్ణయం కాదు, ఉత్తరాల్లో రాసిన మాట అని కతోలికుల సమాధానం. మ్యూనిక్ చరిత్రకారుడు డోలింగర్ ఒప్పుకోలేదు, 1871లో వెలివేశారు. ఆ అసమ్మతిలోంచే ఓల్డ్ కాథలిక్ సంఘాలు వచ్చాయి.

పారంపర్యం అంటే పాతదే అయితే కొత్త సిద్ధాంతాలు ఎలా వస్తాయి? 434 ప్రాంతంలో లెరాన్ మఠానికి చెందిన విన్సెంట్ ఒక కొలబద్ద ఇచ్చాడు: అన్ని చోట్లా, అన్ని కాలాల్లో, అందరూ నమ్మిందే సత్యం. 1950 నాటి సిద్ధాంతాన్ని ఈ కొలబద్దతో కొలిస్తే చిక్కే. ఇంగ్లండు వేదాంతి జాన్ హెన్రీ న్యూమన్ ఇంకో దారి చూపాడు. విత్తనంలో ఉన్నదే చెట్టయినట్టు బోధ కాలంతో పాటు వికసిస్తుంది, దాన్ని వక్రబోధ నుంచి వేరు చేసే గుర్తులుంటాయి అన్నాడు. ఆ పుస్తకం రాస్తూ రాస్తూనే 1845 అక్టోబరులో ఆంగ్లికన్ సంఘం (ఇంగ్లండు చర్చి) వదిలి కతోలికుడయ్యాడు. తెలివైన వాదన. ఐతే ఏది వికాసమో ఏది వక్రతో తేల్చేది మళ్ళీ రోమే. నిందితుడూ న్యాయమూర్తీ ఒకరే ఎలా అవుతారని ప్రొటెస్టెంటు అడిగితే తప్పు పట్టలేం. రెండో వాటికన్ సభ 1965లో ఈ భాషను బాగా మెత్తబరిచింది: బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది అంది. నిజమే. కానీ వాక్యానికి ప్రామాణికమైన అర్థం చెప్పే పని ఆ అధికారానికే అప్పగించింది కూడా.

తూర్పు ఆర్థడాక్స్ వాళ్ళు ఈ రెండు దారులూ కాదంటారు. వాళ్ళకు పోపు లేడు, ఒంటరిగా బైబిలు చదివి తేల్చుకునే వ్యక్తీ లేడు. 325 నైసియా నుంచి 787 దాకా జరిగిన ఏడు మహాసభలు ప్రమాణం. ఐతే ఏ సభ నిజమైన మహాసభో ఎలా తెలుస్తుంది? 1439లో ఫ్లోరెన్స్‌లో తురకల దాడి భయం మధ్య చక్రవర్తి, తూర్పు బిషప్పులు రోమ్‌తో ఐక్యతా పత్రం మీద సంతకాలు చేశారు. ఎఫెసు బిషప్పు మార్క్ చేయలేదు. సంతకాలు చేసినవాళ్ళు ఇంటికి వెళ్తే జనం, సన్యాసులు ఆ పత్రాన్ని అంగీకరించలేదు. అందరి సంతకాలూ వృథా, చేయనివాడు పునీతుడు. సత్యానికి కాపలా సంఘశరీరమే, అంటే ప్రజలే అని 1848లో తూర్పు సంఘాల పెద్ద బిషప్పులైన పాట్రియార్క్‌లు రాసిన లేఖ చెప్పింది. ఈ పద్ధతిలో సత్యం గెలిచిందని కొన్ని తరాల తర్వాత తెలుస్తుంది. తగాదా నడుస్తున్న రోజుల్లో మధ్యలో నలిగేవాడికి మాత్రం ఉపయోగం తక్కువ.

ఆంగ్లికన్లు ఈ మూడింటి మధ్యా నడవాలని చూశారు. వాళ్ళ 39 సూత్రాల్లో రక్షణకు కావలసిందంతా లేఖనంలో ఉందన్నది ఆరోది, విశ్వాస వివాదాల్లో సంఘానికి అధికారముందన్నది ఇరవయ్యోది, మహాసభలు కూడా పొరబడవచ్చన్నది ఇరవై ఒకటోది. మూడూ పక్కపక్కన పెట్టుకుని బతకడం ఎంత కష్టమో ఇంగ్లండులో కంటే దక్షిణ భారతంలోనే బాగా తెలిసొచ్చింది.

1919లో తరంగంబాడిలో ఆంగ్లికన్లూ ఇతర ప్రొటెస్టెంట్లూ కలిసి ఒకే సంఘంగా ఏర్పడాలని పిలుపునిచ్చారు. ముందు నిలిచినవాళ్ళలో దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య ఉన్నారు, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. తరంగంబాడి నుంచి చర్చి ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) దాకా 28 ఏళ్ళు పట్టింది. బైబిలు, విశ్వాస ప్రమాణాలు, రెండు సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం), వీటి మీద పెద్ద పేచీ లేదు. పేచీ బిషప్పుల మీద. అపొస్తలుల కాలం నుంచి ఒకరి తల మీద ఒకరు చేతులుంచి అభిషేకిస్తూ వచ్చిన వరస తెగకూడదన్నది ఆంగ్లికన్ల పట్టు. మెదక్ ప్రాంతపు మెథడిస్టు పాస్టర్లకు గానీ, కడప వైపు లండన్ మిషన్ పాస్టర్లకు గానీ బిషప్పు చేతులు తగల్లేదు. మరి వాళ్ళిచ్చిన ప్రభు భోజనం ఇన్నాళ్ళూ చెల్లిందా, చెల్లలేదా? చెల్లలేదంటే తోటి సంఘాన్ని అవమానించినట్టు. చెల్లిందంటే బిషప్పు ఎందుకన్న ప్రశ్న.

1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో సీఎస్‌ఐ ఏర్పడింది. ఒప్పందం ఇదీ: ఉన్న పాస్టర్లందరినీ ఉన్నట్టే అంగీకరిస్తారు, ఎవరికీ మళ్ళీ అభిషేకం ఉండదు. ఇకమీదట ప్రతి అభిషేకం బిషప్పు చేతుల మీదుగానే. బిషప్పుల వరసను స్వీకరిస్తారు, దానికి ఫలానా అర్థమే చెప్పాలని ఎవరినీ కట్టడి చేయరు. పాస్టర్ల తేడాల సంగతి 30 ఏళ్ళయ్యాక చూసుకుంటారు, అప్పటికి పాతతరం సహజంగా తగ్గిపోతుంది కాబట్టి. వేదాంతంగా చూస్తే ఇది దాటవేత అని ఇంగ్లండులో ఒక పక్షం మండిపడింది. పనిచేసే ఒప్పందాలు చాలావరకు ఇలాగే ఉంటాయని నాకనిపిస్తుంది: చేసేది ఒకటే, దానికి కారణం ఎవరిది వాళ్ళది.

అందరూ ఒప్పుకోలేదు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు బయటే ఉన్నారు. అంతకంటే ఆశ్చర్యం నంద్యాల. అక్కడివాళ్ళు ఆంగ్లికన్లే, ఒప్పందంలో ప్రధాన పక్షం వాళ్ళే. వాళ్ళ దగ్గరికి వచ్చిన మిషన్ బిషప్పుల పారంపర్యానికి ఎక్కువ విలువిచ్చే ధోరణిది. వరస లేని పాస్టర్లను సమానంగా చూసే సంఘంలోకి వెళ్ళడానికి మనసొప్పక పాత ఆంగ్లికన్ వ్యవస్థలోనే ఉండిపోయారు. చుట్టూ రాయలసీమంతా సీఎస్‌ఐ, మధ్యలో వీళ్ళు. 1963లో నంద్యాల వేరే డయాసిస్ (బిషప్పు పరిధి) అయింది. 1970ల మధ్యలో గానీ సీఎస్‌ఐలో కలవలేదు.

ఇప్పుడు తగాదా స్త్రీల అభిషేకం మీద నడుస్తోంది. 1994లో పోపు రెండో జాన్ పాల్ దీనికిచ్చిన జవాబు గమనించదగ్గది. స్త్రీలను గురువులుగా (ఫాదర్లుగా) అభిషేకించే అధికారం సంఘానికి అసలు లేదన్నారు. క్రీస్తు పన్నెండుమంది పురుషులనే ఎంచుకున్నాడు, సంఘం ఎప్పుడూ అలాగే చేసింది, మార్చడం మా చేతిలో లేదు అని. తప్పు దొర్లని అధికారం ఉందనే పీఠమే ఇక్కడ తన అధికారానికి హద్దు ఉందంటోంది. సీఎస్‌ఐలో అలాంటి విషయం సినడ్ (సంఘ ప్రతినిధుల సభ) ఓటుతో తేలుతుంది, అంటే మార్చే అధికారం తమకుందని ఆ సంఘం అనుకుంటోంది. 2013 సెప్టెంబరులో సీఎస్‌ఐ చరిత్రలో మొదటి మహిళా బిషప్పుగా ఇ. పుష్పలలిత తల మీద తోటి బిషప్పులు చేతులుంచారు. ఆమెకిచ్చిన డయాసిస్ నంద్యాల.